ఎర్రగుడి రాళ్ళు, పత్తికొండ బావి



ఊరి చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. ఊరి సౌకర్యాలు అనగానే బస్సు, బడి, ఆసుపత్రి, కుళాయి గుర్తుకొస్తాయి. చరిత్రను బడిపుస్తకంలో చదువుకుంటాం, సౌకర్యాల కోసం సచివాలయంలో అర్జీ పెట్టుకుంటాం. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎప్పుడూ అనుకోం. అయితే మన కర్నూలు జిల్లాలో ఒక చిన్న పల్లె దగ్గర చరిత్ర, సౌకర్యం రెండూ ఒకే రాతి మీద చెక్కి ఉన్నాయి. ఆ పల్లె పేరు ఎర్రగుడి. దానికి కాస్త దూరంలో ఉన్న పత్తికొండకు ఒక బావి కథ ఉంది. ఈ రెండు చోట్ల నుంచి మన సంఘాలు నేర్చుకోవలసినది ఒకటి ఉందని మాకు తోచింది. ఓపికగా చదవమని మనవి.

ఊరు ఎక్కడ

గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో, గుత్తికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఎర్రగుడి వస్తుంది. పక్కనే జొన్నగిరి, ఆ పైన తుగ్గలి. ఎర్ర నేలలు, నల్ల నేలలు కలిసిన మెట్ట ప్రాంతం. బుడ్డలు, పత్తి, ఆముదం, కంది, జొన్న ఇక్కడి పంటలు. తొలకరి వాన పడగానే చేలల్లో వజ్రాలు దొరుకుతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, తలలు వంచి నేలను వెతుక్కుంటూ తిరిగేది ఈ చుట్టుపక్కలే. కడప జిల్లాలో కమలాపురం వైపు ఎర్రగుడిపాడు అని మరో శాసనాల ఊరు ఉంది. అది వేరు, ఇది వేరు.

ఎర్రగుడి దగ్గర చిన్న గుట్ట, దాని మీద పెద్ద పెద్ద బండలు. ఆ బండల నీడలో గొర్రెల కాపరులు తరతరాలుగా కూర్చున్నారు. బండల మీద ఏవో గీతలు ఉన్నాయని వాళ్ళు చూసే ఉంటారు. అవి అక్షరాలని బయటి లోకానికి తెలిసింది 1928-29లో. ఖనిజాల పరిశీలన చేసే అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించారు. చూస్తే అవి మౌర్య చక్రవర్తి అశోకుడి శాసనాలు. దేశంలో అశోకుడి 14 పెద్ద శిలాశాసనాలు, వాటితోపాటు చిన్న శిలాశాసనం కూడా ఒకేచోట ఉండడం అరుదు. అలాంటి చోటు మన ఎర్రగుడి. పత్తికొండ వైపే రాజుల మందగిరి దగ్గర కూడా చిన్న శాసనం ఒకటి దొరికింది.

భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. ఆ లిపిని చదవడం ఎలాగో మన దేశం ఎప్పుడో మరచిపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన దాన్ని మళ్ళీ చదవగలిగాడు. అంటే ఎన్నో వందల ఏళ్ళు ఆ మాటలు మన మధ్యే ఉండి, మనకు అందకుండా ఉన్నాయి. ఎర్రగుడిలో ఇంకో వింత ఉంది. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఎద్దులు సాలు చివరిదాకా పోయి, మళ్ళీ తిరిగి వచ్చినట్టు ఉంటుంది. సేద్యగాళ్ళ ఊరికి తగిన రాత అనిపిస్తుంది.

రాతి మీద ఏముంది

ప్రియులారా, ఆ చిన్న శాసనం రాజు అధికారులకు ఒక ఆజ్ఞ ఇస్తుంది. భేరి మోగించి పల్లెల జనానికి చాటించమంటుంది. మన ఊళ్ళలో దండోరా వేయించేవారే, అలాంటిదన్నమాట. ఏమని చాటించాలి? అమ్మానాన్నల మాట వినాలి, గురువులను గౌరవించాలి, ప్రాణుల మీద దయ చూపాలి, నిజం పలకాలి. ఏనుగులు నడిపేవారు, లెక్కలు రాసేవారు, చదువు చెప్పేవారు తమ తమ దగ్గర నేర్చుకునేవారికి ఈ మాటలు నేర్పాలి. సండే స్కూల్లో మన పిల్లలు మొదట నేర్చుకునే మాటలకు ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

పెద్ద శాసనాల్లో రెండోది మరీ గమనించదగినది. అందులో రాజు తాను చేయించిన పనులు చెప్పుకున్నాడు. మనుషులకు వైద్యం, పశువులకు వైద్యం. మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించడం. దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం. ఇవన్నీ ఎవరి కోసం? మనుషుల కోసం, పశువుల కోసం అని ఆ రాతే చెబుతుంది. క్రీస్తుకు సుమారు 250 ఏళ్ళ ముందు మన మెట్ట నేలలో చెక్కిన సౌకర్యాల పట్టీ ఇది. ఆసుపత్రి, బావి, నీడ. ఈ రోజు పత్తికొండ తాలూకా మనిషిని ఆపి నీకేం కావాలని అడిగినా మొదట ఈ మూడే చెబుతాడు.

నిర్గమకాండము 15వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు మారా దాటి ఏలీముకు చేరినప్పుడు అక్కడ 12 నీటి బుగ్గలు, 70 ఈత చెట్లు ఉన్నాయని చదువుతాం. చేదు నీళ్ళ తర్వాత దేవుడు తన జనానికి చూపిన విశ్రాంతి అది. నీళ్ళు, నీడ. ఎండిన నేల మీద నడిచిన వాళ్ళకే ఆ రెండు మాటల విలువ తెలుస్తుంది. మన సీమ మనిషికి ఏలీము గురించి పెద్దగా వివరించి చెప్పనక్కరలేదు.

ఈ రాళ్ళకూ మన బైబిలు లోకానికీ ఇంకో సంబంధం ఉంది. తన మాట దూరదేశాలకు కూడా పంపానని చెబుతూ అశోకుడు కొందరు రాజుల పేర్లు చెక్కించాడు. వారిలో ఒకడు అంతియోక. సిరియాను ఏలిన ఆ వంశం వాళ్ళ పేరు మీదే అంతియొకయ పట్టణం వెలిసింది. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచింది ఆ పట్టణంలోనే అని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో ఉంది. ఇంకొకడు తురమాయ, అంటే ఐగుప్తును ఏలిన టోలెమీ. ధర్మశాస్త్రాన్ని హెబ్రీ నుంచి గ్రీకులోకి తర్జుమా చేయించింది ఆయనేనని పాత సంప్రదాయం చెబుతుంది. అపొస్తలుల కాలంలో సంఘాలు చదువుకున్న పాత నిబంధన ఆ గ్రీకు తర్జుమాయే. మరొకడు మకా, కురేనేను ఏలినవాడు. మన ప్రభువు సిలువను మోసిన సీమోను ఆ కురేనే వాడే. పత్తికొండ తాలూకాలో గొర్రెలు మేసే గుట్ట మీద ఈ పేర్లన్నీ ఉన్నాయంటే, మన ఊరు లోకానికి మూలన పడి ఉందని ఎలా అనుకుంటాం?

చెప్పిన పశ్చాత్తాపం, చెప్పని చోటు

ఆ రాజుల పేర్లు ఉన్న 13వ శాసనంలోనే కళింగ యుద్ధం సంగతి ఉంది. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్ళకు అశోకుడు కళింగను జయించాడు. అక్కడి నుంచి చెరగా తీసుకుపోయిన వాళ్ళు 1,50,000. చంపబడినవాళ్ళు 1,00,000. అంతకు ఎన్నో రెట్లు ఇతరంగా చచ్చిపోయారు. ఈ లెక్కను ఆయన శత్రువులు రాయలేదు, ఆయనే చెక్కించాడు. దానికి తాను ఎంతో బాధపడుతున్నానని కూడా చెక్కించాడు. గెలిచిన రాజు గెలుపు గురించి కాక, చేసిన నష్టం గురించి రాతి మీద రాయించడం లోక చరిత్రలో చాలా అరుదు. ఆయన మన విశ్వాసానికి చెందినవాడు కాడు. అయినా ఈ మాటను గౌరవంగానే చదవాలి.

కానీ ఇక్కడ ఒక సంగతి ఉంది. కళింగ దేశంలో, అంటే నేటి ఒడిశాలోని ధౌలి, జౌగడల్లో కూడా అశోకుడి పెద్ద శాసనాలు ఉన్నాయి. అక్కడ ఈ 13వ శాసనం లేదు. దాని బదులు వేరే శాసనాలు చెక్కించారు. ప్రజలందరూ తన బిడ్డలని, వాళ్ళను న్యాయంగా చూడాలని అధికారులకు చెప్పే మాటలు అవి. మంచి మాటలే. అయితే దెబ్బ తిన్నవాళ్ళు ఉన్న చోట ఆ పశ్చాత్తాపపు మాట లేదు. వందల మైళ్ళ దూరంలో, కళింగను ఎన్నడూ చూడని మన ఎర్రగుడి పల్లెలో ఉంది.

ఎందుకలా చేశాడో పండితులు తలొక కారణం చెబుతారు. గాయం మళ్ళీ రేగుతుందని అనుకొని ఉండవచ్చు. మనం తీర్పు తీర్చనక్కరలేదు. కానీ పాఠం నేర్చుకోవచ్చు. మనం కూడా ప్రార్థనలో, సాక్ష్యంలో, దూరంగా ఉన్నవాళ్ళ దగ్గర మన తప్పులు సులువుగా ఒప్పుకుంటాం. ఎవరిని నొప్పించామో వారి గుమ్మం దగ్గరికి పోయి ఆ మాట అనడం కష్టం. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య ఏం చేశాడు? అన్యాయంగా తీసుకున్నది ఎవరి దగ్గర తీసుకున్నాడో వారికే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. అర్పణ పట్టుకొని బలిపీఠం దగ్గరికి వచ్చాక సహోదరుడు గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని మన ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయంలో నేర్పాడు. మాట చేరవలసిన చోటికి చేరాలి. బావి గురించి కూడా ఇదే చెప్పవలసి ఉంది.

పత్తికొండలో దొర

ఇక పత్తికొండకు వద్దాం. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలు అన్న పేరు అలా వచ్చింది. వాటికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఏడేళ్ళు గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు. పాళెగాళ్ళను అణిచాడు. భూములు కొలిపించి, మధ్యవర్తులు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు లెక్క తేల్చే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. అప్పట్లో పత్తికొండ బళ్ళారి జిల్లా కింద ఉండేది. కర్నూలు జిల్లాలో కలిసింది 1858లో.

ఈ దొరను పొగడడానికి మేము రాయడం లేదు. ఆయన తెచ్చింది పరాయి ప్రభుత్వం, వసూలు చేసిన శిస్తు చాలా భారమైనది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పోయేముందు 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని, బావి కింద పండే భూములకు ఇంకొంచెం ఎక్కువ తగ్గించాలని రాసి పెట్టాడు. బావి తవ్వుకున్న రైతును శిక్షించకూడదన్నది ఆయన ఆలోచన. కంపెనీ వెంటనే వినలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చేదాకా ఆ మాట అట్లాగే ఉండిపోయింది. అయినా జనం ఆయనను మరచిపోలేదు. మండవ రుషి అన్నారు. మన్రోలప్ప అని బిడ్డలకు పేరు పెట్టుకున్నారు.

1827లో సెలవు తీసుకొని స్వదేశానికి పోవలసిన సమయంలో, చివరిసారి తన పాత జిల్లాలు చూడాలని వచ్చాడు. గుత్తి దాటి పత్తికొండలో మకాం వేశాడు. జూలై 6న కలరా సోకింది, అదే రోజు చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. తర్వాత 1831లో ఆ ఎముకలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం గుత్తిలో సత్రం కట్టించింది. పత్తికొండలో చెట్ల తోపు నాటించి, రాతి మెట్ల బావి కట్టించింది.

గమనించారా? అశోకుడి రాతికి రెండు వేల ఏళ్ళ తర్వాత, అదే దారిలో, ఇంకో రాజ్యం వాళ్ళు ఒక మనిషి జ్ఞాపకానికి ఏం చేయాలా అని ఆలోచించి, మళ్ళీ బావి, చెట్లే ఎంచుకున్నారు. అప్పటికి ఎర్రగుడి రాతిని ఎవ్వరూ చదవలేదు. అది చూసి ఇది చేయలేదు. ఈ నేలే వాళ్ళకు ఆ పని నేర్పింది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని 1827లో ఎవరికీ తెలియదు. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు ఒక వీధి పంపు నీళ్ళకూ కలరా చావులకూ ఉన్న సంబంధం చూపాడు. మన దిగుడు బావులు కూడా జబ్బులు పంచాయి. మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టి ముంచుకోవడం వల్ల నారికురుపు వచ్చేది. కాలి నుంచి మూరల కొద్దీ పురుగు బయటికి రావడం మన పెద్దవాళ్ళు చూశారు. దిగుడు బావులను చేదబావులుగా మార్చి, బోర్లు వేసి, నీళ్ళు వడగట్టడం నేర్పి, దేశం ఆ జబ్బును తరిమింది. చివరి రోగి 1996లో కనిపించాడు. 2000లో భారతదేశంలో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. కాబట్టి బావి ఉంటే చాలదు, అది శుభ్రంగా కూడా ఉండాలి. అది కూడా చాలదు.

ఎవరి బావి?

మనుషుల కోసం, పశువుల కోసం అని అశోకుడి రాయి చెబుతుంది. కానీ మన సీమ ఊళ్ళలో తరతరాలుగా ఏం జరిగింది? ఊరబావి దగ్గర ఎద్దు నీళ్ళు తాగేది. మాలగేరి, మాదిగగేరి ఆడవాళ్ళు మాత్రం కుండలు పెట్టుకొని దూరంగా నిలబడేవారు. ఎవరైనా దయ తలచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. దాహమైతే దోసిలి పట్టాలి. రాజు మాటను దండోరా వేసి ఊరంతా చాటిన మనిషికే ఆ ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. మా సంఘాల్లో ఎందరి అవ్వలు, తాతలు ఆ దోసిళ్ళు పట్టారో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ సంగతి మన ఇళ్ళల్లోనే విన్నాం.

మిషనరీలు వచ్చిన తర్వాత గేరుల్లో బడి పెట్టారు. చాలాచోట్ల బావి కూడా తవ్వించారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ డాక్టర్ క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ఆసుపత్రికి అన్ని కులాలవాళ్ళూ ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చేవారు. 1876-78 ధాత కరువులో మన జిల్లాలు బొక్కల గూడు అయినప్పుడు గంజి పోసిన చేతుల్లో మిషన్ల చేతులూ ఉన్నాయి. దానికి దేవుని స్తుతిస్తాం. అయితే నిజం నిజంగానే చెప్పుకోవాలి. గేరికి వేరే బావి దొరికింది గానీ, ఊరి బావి దొరకలేదు. దాహం తీరింది, గోడ మాత్రం అక్కడే ఉంది.

1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఊరి చెరువు నీళ్ళు తాగారు. మన్రో పత్తికొండలో చనిపోయిన నూరేళ్ళకు అది జరిగింది. ఆ తర్వాత రాజ్యాంగం వచ్చింది. అందులో 15వ అధికరణం చదవండి. కులం, మతం వంటి కారణాలతో ఏ పౌరుణ్ణీ అడ్డుకోకూడని చోట్ల పట్టీ అందులో ఉంది. ఆ పట్టీలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. ఒక దేశం తన మూలశాసనంలో బావి అనే మాట రాసుకోవలసి వచ్చిందంటే, ఆ బావి దగ్గర ఎంత అవమానం జరిగిందో ఆలోచన చేయండి.

యోహాను సువార్త 4వ అధ్యాయంలో మన ప్రభువు మధ్యాహ్నపు ఎండలో యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. ఒక సమరయ స్త్రీ కడవతో వచ్చింది. ఆయన ఆమెకు బోధ చేయడానికి ముందు ఏం చేశాడు? దాహానికి ఇమ్మని అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరు కదా. మన ఊళ్ళో ఇది ఎలా ఉండేదో ఊహించండి. పైనుంచి పోయడానికి వచ్చినవాడిలా కాక, ఆమె కడవలో నుంచి తాగడానికి వచ్చినవాడిలా ఆయన అడిగాడు. జీవజలాల గురించి ఆయన చెప్పిన మాటలన్నీ ఆ అడగడం తర్వాతే వచ్చాయి.

ఇస్సాకు కథ కూడా మనకు తెలుసు. ఆదికాండము 26లో తండ్రి తవ్విన బావులను ఫిలిష్తీయులు పూడ్చివేస్తే, అతడు మళ్ళీ తవ్వించాడు. గెరారు కాపరులు ఈ నీళ్ళు మావే అని జగడమాడితే ముందుకు పోయి ఇంకొకటి తవ్వాడు. జగడం లేని చోటికి వచ్చాక దానికి రహెబోతు అని పేరు పెట్టాడు, ఎడము కలిగింది అని. బావిని కొలిచే కొలత ఇదే అని మాకు తోచింది. ఎంత లోతు, ఎన్ని మెట్లు అని కాదు, దాని గట్టు మీద ఎందరికి ఎడము ఉంది అని.

ఈనాటి సౌకర్యాలు

ఇప్పుడు మన పల్లెల్లో సౌకర్యాలకు కొదవలేదు అనాలి. ఎర్రగుడి మీదుగా రోడ్డు ఉంది. తుగ్గలిలో రైలు స్టేషను ఉంది, గుత్తి పెద్ద జంక్షను. ఊరూరా నీళ్ళ ట్యాంకు, కుళాయి, బడి, అంగన్‌వాడీ ఉన్నాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. శ్రీశైలం వెనుక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తి పోసే హంద్రీ నీవా కాలువ 2012 నుంచి మన వైపు పారుతోంది.

అయినా పండుగలు అయ్యేసరికి మన సంఘాల్లో సగం బల్లలు ఖాళీ అవుతాయి. సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి కుటుంబాలకు కుటుంబాలు లారీలు, ఆటోలు ఎక్కి పోతాయి. ఇంటికి తాళం, వాకిట్లో ముసలమ్మ. బడి ఉంటుంది, బడికి పోయే బిడ్డ తల్లి వెంట మిరప చేలో ఉంటాడు. కుళాయి ఉంటుంది, తిప్పే చెయ్యి ఉండదు. ఇక్కడ ఉన్నవాళ్ళకు పత్తికొండ మార్కెట్టులో టమాటా ధర కిలో రూపాయికి పడిపోయిన రోజు, గంపలు రోడ్డు మీద కుమ్మరించి రావడం తెలుసు. కాలువ పారుతుంది, కాలువకు ఆ పక్కన ఉన్న చేను మాత్రం ఆకాశం వైపే చూస్తుంది. రాతి మీద ఉన్న మాట, కాగితం మీద ఉన్న పథకం, చివరి ఇంటిదాకా చేరినప్పుడే సౌకర్యం అవుతుంది. ఎర్రగుడి నుంచి ఈ రోజు దాకా మన నేల చెబుతున్న సంగతి ఇది.

ఈ మాటలు చదువుతున్న మీలో కొందరు ఇప్పుడు సుగ్గిలోనే, ఏదో చేని గట్టున పట్టా కింద కూర్చొని ఫోనులో చదువుతూ ఉంటారు. మీ పేర్లు ఇక్కడ ప్రార్థనలో పెడుతూనే ఉన్నాం. మీరు తిరిగి వచ్చేదాకా మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకు నీళ్ళు, మందులు అందాయా అని చూసుకోవడం సంఘం పని.

మనం ఏం చేద్దాం

ప్రియులారా, రాజులు చేయవలసినది రాజులు చేయాలి. అడగవలసిన చోట మనం అడగాలి. గ్రామసభకు పోవాలి. మన వీధి కుళాయికి నీళ్ళు రాకపోతే అర్జీ రాయాలి, రాయడం రానివాళ్ళకు మన యవ్వనస్థులు రాసిపెట్టాలి. అది ఆత్మీయ పని కాదని ఎవరూ అనకండి. ఒక గిన్నెడు చన్నీళ్ళకు కూడా ఫలం పోదని మన ప్రభువు చెప్పాడు.

దాంతోపాటు మన చేతిలో ఉన్న పనులు మూడు చెబుతాం. మొదటిది, ప్రతి మందిరం ముందు ఈ వేసవిలో చలివేంద్రం పెడదాం. మందిరం గేటు లోపల కుళాయి ఉంటే, దాన్ని దారిన పోయే ఎవరికైనా అందేలా బయటికి తిప్పుదాం. పక్కన పశువులకు ఒక తొట్టి కూడా కట్టుదాం. ఏ కులం, ఏ మతం అని అడగవద్దు. రెండవది, ఆవరణలో నీడ నిచ్చే చెట్లు నాటి, ఒక్కో చెట్టును ఒక్కో కుటుంబానికి అప్పగిద్దాం. వేప, కానుగ చాలు, మన నేలలో బతుకుతాయి. మూడవది అన్నింటికంటే కష్టమైనది. మన మధ్యనే రెండు గేరులవాళ్ళు వేరువేరు బల్లల మీద కూర్చునే అలవాటు, ఒకరి ఇంటి గ్లాసు ఇంకొకరు ముట్టని అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, దాన్ని ఇంకొకరి తప్పుగా చెప్పుకోవద్దు. ఆ ఇంటికే పోయి, ఆ గ్లాసులోనే నీళ్ళు అడిగి తాగుదాం. మన ప్రభువు సుఖారు బావి దగ్గర అలాగే మొదలుపెట్టాడు.

వీలైతే సండే స్కూలు పిల్లలను ఎర్రగుడికి తీసుకుపోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు అది. రాళ్ళ మీద చెయ్యి పెట్టనివ్వకండి, గీయనివ్వకండి. అంతియోక పేరు ఈ కొండ మీదే ఎక్కడో ఉందని చెప్పండి. తాను చంపిన మనుషుల లెక్క తానే రాయించిన రాజు ఒకడున్నాడని చెప్పండి. ఆ మాట వినవలసినవాళ్ళు ఇక్కడికి ఎంతో దూరంలో ఉండేవారని కూడా చెప్పండి. తర్వాత గుట్ట దిగి, ఊళ్ళో ఎవరి ఇంటి దగ్గరైనా నీళ్ళు అడిగి తాగి రండి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, మా ఎండిన నేలను చూడు. సుగ్గికి పోయిన మా బిడ్డలను క్షేమంగా తిరిగి రప్పించు. మా గ్రామాలను ఏలేవారికి చివరి ఇంటిని చూసే కన్ను ఇయ్యి. మా మందిరాల గేట్లు, మా గుండెలు దాహంతో వచ్చేవారికి తెరిచి ఉంచు. మేము నొప్పించినవారి దగ్గరికి నడిచిపోయే ధైర్యం మాకు ఇయ్యి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

దేవుడు మీ ఇళ్ళను, మీ బావులను, మీ చేలను దీవించును గాక.